నీళ్ళు వచ్చిన దారినే నడువు, అమ్మణ్ణీ

మా మనవరాలు మార్చిలో అర్జెంటీనా పోతోంది. మెండోసా అని, ఆండీస్ కొండల కింద ఒక పట్నం. చుట్టూ ద్రాక్ష తోటలు, తోటల్లోనే వైన్ తయారీ. వీపున సంచి తగిలించుకుని మూడు వారాల పాటు ఊరి నుంచి ఊరికి, వీలైనంత వరకు కాలినడకన తిరగాలని ఆమె కోరిక. సంక్రాంతికి వచ్చినప్పుడు నా మంచం మీద కూర్చుని, "తాతా, నువ్వు కుర్రతనంలో సముద్రం కాడి నుంచి కొండ దాకా నడిచావంట గదా, నాకు పనికొచ్చేవి ఏమన్నా ఉంటే చెప్పు" అనింది.

నేను ఆ ఖండం చూడలేదు. కానీ ఆమె ఫోనులో చదివి వినిపించిన సంగతులు వింటుంటే ఆ నేల నాకు కొత్తగా తోచలేదు. అక్కడ ఏడాదికి 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుందంట. ఆ వానతో ద్రాక్ష తీగ బతకదు. ఆండీస్ మీద మంచు కరిగి దిగే ఏరులకు కాలవలు కట్టి తోటలకు నీళ్ళు మళ్ళిస్తారు. స్పెయిన్ వాళ్ళు అడుగుపెట్టక ముందే వార్పే అనే అక్కడి జనం ఆ కాలవలు మొదలుపెట్టారు. ఆ మాట వినంగానే నా కళ్ళ ముందు పెన్న ఆడింది. ఎక్కడో నందికొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి, సోమశిల కాడ వెలిగొండలను చీల్చుకుని మన కయ్యల్లోకి దిగే నీళ్ళతోనే గదా మనమూ బతికేది.

నేను మూడుసార్లు నడిచాను. 1974లో ఒక స్నేహితుడితో, ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలిసే చోటు నుంచి సోమశిల దాకా, ఏటి వెంబడి సుమారు నూరు కిలోమీటర్లు. 1993 చలికాలంలో ఒక్కడినే, కలిగిరి మీదుగా ఉదయగిరికి. బడి నుంచి రిటైరయ్యాక ఇంకోసారి పాత ఏటి దారినే, సగం బస్సులో సగం కాళ్ళ మీద. ఆ మూడు నడకల్లో నాకు దక్కినవి ఆమెకు ఇలా చెప్పాను.

1. సంచి సర్దాక ఊరి చుట్టూ ఒకసారి నడిచిరా

మొదటిసారి మా సంచుల్లో దుప్పట్లు, నాలుగు జతల బట్టలు, ఇత్తడి చెంబులు, పచ్చడి జాడీ, నావి నాలుగు పుస్తకాలు. ఊటుకూరు నుంచి బయల్దేరి పల్లెపాడు చేరేసరికి భుజాలు వాచిపోయాయి. పల్లెపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీగారు ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉంది. ఆ ఆవరణలో చెట్టు కింద సంచులు బోర్లించాం. అక్కడ కూర్చుంటే ఏది కావాలో ఏది వద్దో తేల్చుకోవడం కష్టం కాలేదు. సగం సామాను దగ్గర్లోని ఒక ఇంట్లో పెట్టి ముందుకు పోయాం.

దారిలో నిజంగా వాడింది ఒక దుప్పటి, ఒక చెంబు, రెండో పంచె, టార్చిలైటు, ఉప్పు పొట్లం, నిమ్మకాయలు. నువ్వు సంచి సర్దిన మర్నాడే దాన్ని తగిలించుకుని ఐదు కిలోమీటర్లు నడువు. నొప్పి ఎక్కడ పుట్టిందో చూసుకో. ఏది తీసెయ్యాలో ఆ నొప్పే చెప్తుంది.

2. ఏ ఊరికి పోయినా నీళ్ళు ఎక్కడివని ముందు అడుగు

అమ్మణ్ణీ, నేను చెప్పేవాటిలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకో. 

సముద్రం పక్క ఇసక నేలల్లో మన వాళ్ళు దొరువులు తవ్వుతారు. నిలువెత్తు లోతు కూడా ఉండని గుంట. పక్కనే ఉప్పు సముద్రం, గుంటలో తియ్యటి నీళ్ళు. కుర్రప్పుడు నాకు అది వింతగా ఉండేది. వేరుశనగ చేలో కడవతో నీళ్ళు పోస్తున్న ఒకామె వివరంగా చెప్పింది. ఇసకలో ఇంకిన వాన నీళ్ళు తేలిక, కింద ఉప్పు నీళ్ళు బరువు. మంచి నీళ్ళు ఉప్పు నీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. పైపైన ముంచుకుంటే ఏళ్ళ తరబడి ఇస్తాయి. అత్యాశకు పోయి లోతుగా తవ్వితే ఉప్పు పైకి లేస్తుంది, చేను పోతుంది. "కలబెట్టకుండా ముంచుకో నాయనా" అని నా చేతికి కడవ ఇచ్చింది. భూగోళం పాఠం చెప్పిన ముప్పై ఏళ్ళలో అంతకంటే తేటగా నేను ఏ పిలకాయకీ చెప్పలేకపోయాను.

అక్కడి నుంచి పైకి నడిచే కొద్దీ నీళ్ళ రూపం మారుతుంది. ముందు బకింగ్‌హాం కాలవ. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద మద్రాసుకు పోయిన దారి. దాటితే ఇందుకూరుపేట వరి కయ్యలు. ఆ పచ్చదనానికి మూలం ఎక్కడని అడుగుతూ పోతే నెల్లూరు ఆనకట్ట. అది 1855 నాటిది. ఇంకా పైకి పోతే 1880ల్లో కట్టిన సంగం ఆనకట్ట. 2022లో ఆ రెండు చోట్లా కొత్త బ్యారేజీలు వచ్చాయి. ఇంకా పైన సోమశిల, 78 టీఎంసీల జలాశయం. మేము మొదటిసారి పోయినప్పుడు అక్కడ కొండల మధ్య ఏరు ఒక్కటే ఉంది. ఇసకలో పడుకుంటే నీళ్ళ చప్పుడుకు నిద్ర పట్టింది.

ఒక కాలవ చివర కయ్య ఉన్న రైతుతో ఒక రాత్రి గట్టు మీద కూర్చున్నాను. తన వంతు నీళ్ళు తెల్లవారుజామున రెండింటికి వస్తాయి. పైన ఎవరన్నా గండి కొడితే రావు. పార భుజాన వేసుకుని ఆయన చీకట్లోకి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. నీళ్ళు వచ్చినప్పుడు ముందు చప్పుడు వినపడింది, తర్వాత చల్లటి గాలి తగిలింది, ఆ తర్వాతే పాదాలు తడిశాయి.

మెండోసాలోనూ తోటలకు నీళ్ళు వంతుల మీదే. వంతులు చూసి తూములు ఎత్తే మనిషిని అక్కడ తోమెరో అంటారని నువ్వే చదివి చెప్పావు. మన నీరుగంటి అన్నమాట. అక్కడికి పోగానే వైన్ కొట్టుకు పోయే ముందు ఆ తోమెరోను వెతుకు. ఏ కాలవ ఏ ఏటి నుంచి వస్తుంది, ఎవరి తోట చివర ఉంది, కొండ మీద మంచు తక్కువ పడిన ఏడు ఎవరికి ముందు నీళ్ళు ఆగిపోతాయి, ఇవి అడుగు. ఆయన వెంట ఒక పూట నడిస్తే ఆ నేల గుట్టు సగం తెలిసినట్టే. పట్నం వీధుల్లో కూడా చెట్ల మొదళ్ళ వెంట ఆ కాలవలు తెరిచే ఉంటాయంట. రాత్రిపూట కాలు చూసుకుని వెయ్యి.

3. పది గంటలకు నీడ చేరు

మన ఎండలో చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటే దాహం సంగతి మనకే తెలుస్తుంది. పొడి గాలి ఉన్న ఎత్తు ప్రదేశంలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్ళు పోతున్నట్టు తెలియదు. ఉదయగిరి దుర్గం మీద చలికాలపు గాలిలో నేను అలాగే మోసపోయాను. దాహం వెయ్యలేదని తాగలేదు, దిగేటప్పుడు కళ్ళు తిరిగాయి. అందుకే ఎండ ముదరకముందే పదింటికల్లా నీడకు చేరు. గంట గంటకూ గుక్కెడు తాగు, దాహం వేసినా వెయ్యకపోయినా. ఉప్పు, పంచదార పొట్లం జేబులోనే ఉండాలి.

4. గ్లాసు పట్టుకునే ముందు చెట్టెక్కిన మనిషిని చూడు

మన తీరం వెంట తాటిచెట్లు ఎన్నో నీకు తెలుసు. వేసవిలో ముంజలు, చలికాలంలో గేగులు, ఇంటి మీదికి ఆకు, దూలానికి మొద్దు. మాఘం దాటాక కల్లు.

మొదటి నడకలో ఒక గీత కార్మికుడి ఇంటి అరుగు మీద పడుకున్నాం. తెల్లవారకముందే ఆయన లేచి మోకు భుజాన వేసుకున్నాడు, కత్తికి పదును పెట్టుకున్నాడు. వెంట పోయాను. రోజూ గెల కొనను పలచగా, రూపాయి బిళ్ళంత మందాన చెక్కుతాడు. ఎక్కువ చెక్కితే గెల తొందరగా అయిపోతుంది, తక్కువ చెక్కితే ధార ఆగిపోతుంది. ఆ చెయ్యి పెరట్లో మా అమ్మ మల్లెతీగను చక్కదిద్దే చెయ్యిలా కదిలింది. కుండ లోపల సున్నం పూస్తే నీరు పులియదు. తియ్యగా ఉంటుంది, కాస్తే తాటిబెల్లం. సున్నం లేని కుండలో, నిన్నటి కల్లు తడి అంటుకునే ఉంటుంది గనక, పొద్దెక్కే కొద్దీ పొంగి నురగ కడుతుంది. తెల్లవారి తీపి మధ్యాహ్నానికి మత్తు, సాయంత్రానికి పులుపు. ఒక్క రోజులో మూడు రుచులు.

వైన్ కూడా ఇలాంటి పులవడమే. కాకపోతే కల్లుకు రోజే ఆయుష్షు, ద్రాక్షకు ఏళ్ళు. 1853లో ఒక ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడు మాల్బెక్ అనే ద్రాక్ష రకాన్ని అర్జెంటీనాకు తెచ్చాడంట. పుట్టిన ఫ్రాన్సులో కంటే అది ఆ కొండల కింద బాగా నిలదొక్కుకుంది. పగలు కాసే ఎండ, రాత్రి దిగే చలి, రాళ్ళ నేల దానికి నచ్చాయి.

గీత కార్మికుడి వెంట పోయిన ఆ తెల్లవారి నాకు మిగిలిన గుర్తు మాత్రం రుచి కాదు. చెట్టు దిగిన మనిషి రొమ్ము మీద, పాదాల లోపలి వైపు నల్లగా గట్టిపడిన కాయలు. చెట్టు మీది నుంచి జారిన తమ్ముడు ఆ ఇంట్లోనే నడుము కదలక పడుకుని ఉన్నాడు. నేను ఆ పూట తాగిన ముంత కల్లుకు డబ్బులు తీసుకోమంటే ఆ ఇల్లాలు తీసుకోలేదు. అందుకే అప్పుడు నా పుస్తకాల్లో రెండు వాళ్ళ పిల్లవాడికి ఇచ్చి వచ్చాను.

నువ్వు పోయే మార్చి అక్కడ కోతల కాలం. కత్తెరతో గుత్తులు కోసి, గంప నింపి, భుజాన ఎత్తుకుని లారీ దాకా పరిగెత్తే వాళ్ళు ఉంటారు. గంపకు ఒక బిళ్ళ ఇస్తారంట, వాళ్ళ కూలి ఆ బిళ్ళల లెక్క మీదే. వాళ్ళలో చాలామంది ఉత్తరాది జిల్లాల నుంచి, బొలీవియా నుంచి వలస వచ్చినవాళ్ళు. మన పిలకాయలు నాట్లకు పోయే అమ్మలను చూసి పెరిగినవాళ్ళు గదా, నీకు వాళ్ళు పరాయి మనుషులుగా అనిపించరు. పొద్దున తోటలో వాళ్ళతో ఒక గంట గడిపి, ఆ తర్వాత రుచి చూడు.

5. దూబగుంటను మర్చిపోవద్దు

తాగొద్దని నీకు చెప్పను. నీకు ముప్పై ఏళ్ళు, నీ సంపాదన నీది. కానీ నువ్వు ఏ జిల్లా పిల్లవో ఆ గ్లాసు దగ్గర గుర్తుండాలి.

1991లో మన నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరుతో చదువు ఉద్యమం నడిచింది. మా బడిలోనూ రాత్రిళ్ళు ఆడవాళ్ళకు పాఠాలు పెట్టాం. పొలం పని ముగించుకుని, పిల్లలకు అన్నం పెట్టి, తొమ్మిదింటికి వచ్చి కూర్చునేవాళ్ళు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా వల్ల చితికిపోయిన ఒక ఇంటి కథ. ఆ పాఠం నేను చదివిన రాత్రి గదిలో ఒక్కరూ పలక ఎత్తలేదు. కాసేపటికి ఒకామె లేచి "అయ్యోరా, ఇది మా ఇంటి సంగతే, ఎవరు రాసిందీ?" అని అడిగింది. తర్వాత ఒకరి వెంట ఒకరు మాట్లాడారు. రోజుకూలిలో ఎంత కొట్టుకు పోతుంది, ఇంటికి ఎంత వస్తుంది. నేర్చుకున్న అంకెలతో ఆ లెక్కను పలకల మీద వేశారు. నేను నోరు తెరవలేదు. అక్కడ పాఠం చెప్తున్నది వాళ్ళు.

1992లో కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా బండ్లకు అడ్డం నిలబడ్డారు. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్యనిషేధం పెట్టారు, 1997లో సడలించారు.

నిషేధం వచ్చిన ఆ చలికాలమే నేను కలిగిరి వైపు నడిచాను. ఆ వాకిళ్ళలో కూర్చోవాలని మనసు లాగింది. ఒక ఇంట్లో నాకు సంగటి పెట్టి, గోనె సంచి మీద కూర్చోబెట్టి, పిల్లకు కొత్తగా కుట్టించిన గౌను చూపించింది ఆ తల్లి. ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది.

మెండోసాలో పంట పండగ మార్చి మొదట్లో చేస్తారు, పాటలు, ఊరేగింపులు. ఆ సంబరంలో కలువు. అయితే వారం మధ్యలో ఒక పల్లె సందులోకి కూడా పోయి, తాగుడు ఆ ఇళ్ళలో ఏం చేస్తోందో అక్కడి ఆడవాళ్ళను అడుగు. నడిచే రోజు మాత్రం చుక్క ముట్టొద్దు. ఎత్తులో, ఎండలో, ఒంటరిగా ఉన్నప్పుడు అది ప్రమాదం.

6. భాష రాకపోతే పని అందుకో

మన తీరంలో పట్టపు వాళ్ళ పాళేలకు పోతే ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది తమిళం కలిసిన మాట. నాకు సగం అర్థమయ్యేది కాదు. వల బాగు చేస్తున్న పెద్దాయన పక్కన కూర్చుని దారపు ఉండ పట్టుకున్నాను. రెండో పూటకు చేపల పులుసుతో అన్నం వచ్చింది. నువ్వు కూడా పది మాటలు నేర్చుకుని పో: నీళ్ళు, దారి, ఎంత, బాగుంది, అమ్మ, నొప్పి, సాయం, వద్దు, చాలు, మళ్ళీ వస్తా. "చాలు", "వద్దు" అనే రెండూ గట్టిగా పలకడం నేర్చుకో, ఆడపిల్లకు అవి దారిలో కావాలి.

మాట కలపడానికి ఇంకొకటి ఇస్తాను. పక్కనే ఉన్న బ్రెజిల్లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతి. మన ఒంగోలు గిత్తల సంతతి అది. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, అందుకే సముద్రం దాటిన ఆ పశువులకు మన ఊరి పేరు అంటుకుంది. ఆ ఖండంలో రైతు ఎవరన్నా కనపడితే నాది నెలోర్ అని చెప్పు. నీకు కుర్చీ వేస్తారు.

7. ఇక్కడ ఆకాశం తేటగా ఉందని ఏట్లో దిగొద్దు

నేను ప్రాణం మీదికి తెచ్చుకున్న రోజు ఇది. 1974లో, మొదటి నడకలో. సంగం దాటాక అవతలి గట్టుకు పోదామని ఏట్లో దిగాం. మబ్బు చెంగు కూడా లేదు. నీళ్ళు మోకాలి లోతు. నడిమధ్యకు పోయేసరికి నీళ్ళ రంగు మారింది, ఎర్రగా, పుల్లలూ ఆకులూ తేలుతున్నాయి. కాలి కింద ఇసక కదలడం మొదలైంది. నా స్నేహితుడు ముందే కనిపెట్టి "సంచి వదిలెయ్యరా" అని అరిచాడు. వదిలేశాను. అంచున తుమ్మ కొమ్మ దొరికి బయటపడ్డాం. వాన పడింది కొండ అవతల, కడప వైపు. ఆ సంగతి మాకు నీళ్ళు వచ్చి చెప్పాయి. 2021 నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు కూడా, కింద పెన్న ఒడ్డున మనం చూసింది ఆ కొండ అవతలి వానే.

కొండల కింద నడిచేటప్పుడు పొద్దున్నే అక్కడి వాళ్ళను అడుగు: పైన ఎట్లా ఉంది? ఆండీస్ నుంచి సోండా అనే వేడి గాలి దిగుతుందంట, దుమ్ముతో. వడగళ్ళు పడితే గంటలో పంట పోతుందని తోటల మీద వలలు కడతారంట. ఆ వలలు చూసినప్పుడల్లా ఆకాశం వైపు ఒకసారి చూడు. ఎండిన వాగులో గుడారం వెయ్యొద్దు.

8. నిమ్మతోట దగ్గర బేరం ఆడొద్దు

పొదలకూరు, రాపూరు వైపు నిమ్మతోటల్లో కాయ కోసే వాళ్ళ ముంజేతులు చూశాక నేను రోడ్డు పక్క గంప పెట్టుకున్న వాళ్ళ దగ్గర ధర తగ్గించమని అడగలేదు. ఒక్కో ముల్లు సూదిలా ఉంటుంది. నువ్వూ అడగొద్దు.

9. కొండ దగ్గర తొందర పడొద్దు

మా ఉదయగిరి దుర్గం మూడు వేల అడుగుల పైచిలుకు. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి దాన్ని గెలవడానికి ఏడాదిన్నర పట్టింది, 1514లో చేతికి వచ్చింది. నేను ఒక్క పూటలో ఎక్కి దిగుదామనుకున్నాను. దిగేటప్పుడు పొద్దు గూకింది, దారి తప్పింది. కట్టెల కోసం వచ్చిన ఇద్దరు మనుషులు లాంతరు వెలుగులో కిందికి తీసుకొచ్చారు. కింద ఒక ఇంట్లో నర్ది కొయ్యతో గరిటెలు చెక్కుతున్న వాళ్ళు నాకు చోటిచ్చారు. ఆ రాత్రి వాసన, తడి కొయ్య పొట్టు వాసన, ఇంట్లో ఇప్పటికీ వాడే ఆ గరిటెలో ఉందని నాకు అనిపిస్తుంది. మీ అమ్మమ్మ ఒప్పుకోదు.

నీ ముందున్న అకాంకాగ్వా 6,961 మీటర్లు. దాన్ని ఎక్కే పని పెట్టుకోవద్దు, దూరం నుంచి చూడు. తోటల్లోనే చాలా వాటి ఎత్తు వెయ్యి మీటర్ల దరిదాపు, కొన్ని ఇంకా పైన ఉన్నాయి. కొండ దారిలో పైకి పోయే రోజుల్లో మొదటి రోజు తక్కువ నడువు, తలనొప్పి వస్తే కిందికి దిగు, మధ్యాహ్నం రెండు దాటాక కొత్త దారి పట్టొద్దు. ఎక్కడ ఉన్నావో రోజూ రాత్రి ఒక మనిషికి తెలియాలి. నాకు తెలియజేస్తే ఇంకా మంచిది.

10. రోజుకు మూడు వాక్యాలు రాయి

ఏటిలో పోయిన సంచిలో నా నోటుపుస్తకం పోయింది. ఊటుకూరు నుంచి సంగం దాకా మాకు అన్నం పెట్టిన ఇళ్ళ పేర్లన్నీ అందులో ఉన్నాయి. ముఖాలు గుర్తున్నాయి, పేర్లు లేవు. కడవ ఇచ్చిన ఆమె పేరు నేను అడిగి రాసుకున్నాను, అది ఇప్పుడు నా దగ్గర లేదు. యాభై ఏళ్ళుగా అది నన్ను బాధపెడుతూనే ఉంది. అందుకని నీ పుస్తకం సంచిలో పెట్టొద్దు, ఒంటి మీదే, నడుముకు కట్టుకో. రాత్రి మూడే వాక్యాలు: ఈ రోజు ఏ నీళ్ళు తాగాను, ఎవరి చేతి అన్నం తిన్నాను, వాళ్ళ పేరేంటి.

ఇవన్నీ విన్నాక మర్నాడు తెల్లవారే ఆమె సంచి తగిలించుకుని మైపాడు రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు నడిచి వచ్చింది. అరుగు మీద కూర్చుని, బూట్లు విప్పి, సంచిలో నుంచి ఒక్కొక్కటీ తీసి నా ఒళ్ళో పెట్టడం మొదలుపెట్టింది. రెండు జీన్సు ప్యాంట్లు, ఒక లావుపాటి పుస్తకం, వాళ్ళ అమ్మ కట్టిన ఊరగాయ సీసాల్లో ఒకటి. తర్వాత లోపలికి పోయి సూదీ దారం తెచ్చుకుని, నడుము పట్టీకి చిన్న సంచీ కుట్టుకోవడానికి కూర్చుంది. నోటుపుస్తకం కొలత చూడటానికి దాన్ని నన్ను పట్టుకోమంది.